నవ్వు షాటు

అమ్మ నోరు ఎడమవైపుకు జారి రెండేళ్ళయింది. ఒకరోజు పొద్దున కాఫీ గ్లాసు పెదవికి ఆనించుకుంటే కాఫీ అంతా చీర మీదికి కారింది. చిన్న స్ట్రోకే అన్నాడు డాక్టరు. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి. మాట కొద్దిరోజుల్లోనే తిరిగొచ్చింది. మొహం తిరిగి రాలేదు. ఊరికే కూర్చుంటే పెద్దగా తెలియదు. నవ్వితే మాత్రం కుడి సగమే నవ్వుతుంది. ఎడమ సగం ఆ సంగతి తనకు పట్టనట్టు ఉండిపోతుంది.

ఆ మొహానికి రెండుసార్లు జాతీయ అవార్డు వచ్చింది.

అమ్మ సినిమాల్లో ఒక హీరోకి జోడీగా మొదలుపెట్టింది. కొన్నేళ్ళకు అతనికే వదినగా వేసింది, ఆ తర్వాత తల్లిగా. అతను మాత్రం హీరోగానే ఉన్నాడు. తల్లి వేషాలు కూడా ఆగిపోయాక మద్రాసులో మా టి.నగర్ ఇల్లు పోయింది, కార్లు పోయాయి, కొన్నాళ్ళకు వడపళని ఇల్లూ పోయింది. ఇప్పుడు ఊరి చివర షోళింగనల్లూరులో ఎనిమిదో అంతస్తులో అద్దె ఫ్లాటు. లిఫ్టులో ఆఫీసు పిల్లలు అమ్మకు పక్కకు తొలగి చోటిస్తారు. ఏ ముసలావిడకైనా ఇస్తారు కదా, అలా. ఇంత జరిగినా మేము వేషం కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడలేదు. చిన్నప్పుడు నిర్మాతలు మా హాల్లో కూర్చుని ఎదురుచూడటం చూసినదాన్ని, ఇంకొకరి హాల్లో కూర్చోవడం నాకు చేతకాదు.

స్ట్రోకు తర్వాత అమ్మను నేను ఎవరికీ చూపించలేదు. పాత నటుల ఇంటర్వ్యూలు చేసే యూట్యూబ్ వాళ్ళు ఫోన్ చేస్తే ఒంట్లో బాగాలేదన్నాను. సన్మానం చేస్తామని వచ్చినవాళ్ళనూ పంపించేశాను. బంధువుల పెళ్ళిళ్ళకు నేనొక్కదాన్నే వెళ్ళాను. జనానికి గుర్తున్న మొహం గుర్తున్నట్టే ఉండాలి. అమ్మ ఏమనుకుంటున్నదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

పోయిన వేసవిలో హైదరాబాదు నుంచి ఒక కుర్ర డైరెక్టరు వచ్చాడు. వెబ్ సిరీస్ తీస్తున్నాడట, కొంత భాగం ఇక్కడే. అడగడానికి ఇబ్బంది పడుతూ నీళ్ళ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"హాఫ్ డే చాలు మేడమ్. డైలాగ్ ఏం లేదు. అమ్మగారు జస్ట్ పడుకుంటరు."

"పడుకుని?"

"అంటే... నానమ్మ చనిపోతది మేడమ్. కథ ఆడ్నుంచే స్టార్ట్ అయితది."

లోపలి గదిలోంచి అమ్మ గొంతు వినిపించింది. "శవమని చెప్పు నాయనా. ఈడ ఎవురూ ఏడవరులే."

ఈ కథలో హీరో ఎవరని అడిగాను. అమ్మ జోడీగా వేసిన హీరో మనవడట.

"తాతకు జోడీ, మనవడికి శవం," అంది అమ్మ. "సరి, వరస బాగా కుదిరింది."

ఇంకే వేషమైనా అయితే అప్పుడే లేచి తలుపు తీసి నిలబడేదాన్ని. కానీ ఇది శవం. కళ్ళు మూసుకుని ఉంటుంది, దవడకు గుడ్డ కట్టి ఉంటుంది. నోరు ఒక పక్కకు జారి ఉన్నా చావు ఖాతాలోకే పోతుంది. ఎవరికీ ఏమీ తెలియకుండా అమ్మ ఇంకొక్కసారి తెర మీద ఉంటుంది. ఒప్పుకున్నాను.

షూటింగు ఎన్నూరు రోడ్డు పక్కన ఒక పాత ఇంట్లో. హాల్లో చాప వేసి అమ్మను పడుకోబెట్టారు. నుదుట రూపాయి బిళ్ళ పెట్టారు, ముక్కులో దూది, దవడకు తెల్లగుడ్డ, కాలి బొటనవేళ్ళకు దారం. చుట్టూ ఏడవడానికి జూనియర్ ఆర్టిస్టు ఆడవాళ్ళను కూర్చోబెట్టారు. మొదటి టేకులో ఒకామె అమ్మ మీద పడి గట్టిగా ఏడ్చింది.

శవం పళ్ళ సందునుంచి మాట్లాడింది. "కొంచెం ఆ పక్కకు తిరిగి ఏడు తల్లీ. నా మొహమంతా ఉమ్ము పడతా ఉంది."

అందరూ నవ్వారు. ఏడ్చినామె ఎక్కువ నవ్వింది. రెండో టేకు లారీ హారన్‌కు పోయింది. మూడోది బాగా వచ్చింది. అమ్మ అంతసేపు ఊపిరి బిగబట్టింది. నేను మానిటర్‌లో చూస్తున్నాను. తెర మీద మా అమ్మ చచ్చిపోయి ఉంది. నాకేమీ అనిపించలేదు. భుజం దగ్గర చీర మడత సరిగ్గా లేదనిపించింది, అంతే.

"ఓకే! నెక్స్ట్ బయట సీన్," అన్నాడు డైరెక్టరు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుని లేచారు. లైట్లు తీయబోయారు. అమ్మ లేవలేదు. నేను వెళ్ళి కట్టు వదులు చేశాను.

"నవ్వు షాటు తీయలేదే," అంది.

అప్పటిదాకా నాకది తట్టనే లేదు. మద్రాసు స్టూడియోల్లో అదొక ఆనవాయితీ. శవంగా వేసినవాళ్ళు లేచేముందు కెమెరా వైపు చూసి ఒకసారి నవ్వాలి, కెమెరా తిరుగుతూ ఉండాలి. అప్పుడా చావు వేషంతో పోతుంది, మనిషిని అంటుకోదు. ఫిల్ము ఖర్చుకు అడుగడుగునా గొణిగే నిర్మాతలు కూడా దీనికి మాత్రం ఏమీ అనేవాళ్ళు కాదు. సినిమా ఇంట్లోనే పుట్టి పెరిగి, ఒప్పుకునేముందు ఈ ఒక్క సంగతే మరిచిపోయాను.

డైరెక్టరుకు ఇది కొత్త. "షూటింగ్ లాస్ట్ డే దిష్టికి గుమ్మడికాయ కొడతం కదమ్మా, సరిపోద్ది," అన్నాడు.

"గుమ్మడికాయ మీ అందరికీ. చచ్చింది నేను కదా అబ్బాయ్."

"పదమ్మా, కారొచ్చింది," అన్నాను.

"ఉండవే పాపా."

ఆమె చెవి దగ్గర వంగాను. "అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. నీ మొహం..."

"నా మొహమే కదా, నీదా?" గొంతు తగ్గించలేదు. "రెండేళ్ళుగా దాచిపెడతా ఉండావు. ఇంట్లో నేనేమన్నా అన్నానా? ఈడ మాత్రం అంటాను."

నేను నిటారుగా నిలబడి డైరెక్టరుతో చెప్పాను, అవసరం లేదు, మేము వెళ్తున్నామని. ఒకప్పుడు మా ఇంట్లో ప్రొడక్షన్ మేనేజర్లతో మాట్లాడిన గొంతు అది. అతను నా వైపు చూశాడు, చాప మీద ఉన్న అమ్మ వైపు చూశాడు.

"అన్నా, రోల్ చెయ్," అన్నాడు కెమెరామన్‌తో.

అడ్డంగా వెళ్ళి నిలబడితే షాటు చెడిపోయేది. నిలబడలేదు.

అమ్మ కళ్ళు తెరిచింది. కెమెరాను చూసి నవ్వింది. కుడి చెంప పైకి లేచింది, ఎడమ మూతి కిందికే ఉండిపోయింది, ఆ మూలనుంచి కొంచెం తడి చుబుకం మీదికి జారింది. ఏడవడానికి వచ్చిన ఆడవాళ్ళలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొన్ని ఫోన్లు పైకి లేచాయి, కొన్ని కిందికి దిగాయి. రోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి.

"కట్," అన్నాడు డైరెక్టరు. గట్టిగా అనలేదు.

"ఏదీ, చూపించు," అంది అమ్మ.

మానిటర్‌ను చాప దగ్గరికి తెచ్చారు. కళ్ళజోడు అడిగి పెట్టుకుంది. నుదుట రూపాయి బిళ్ళతోనే రెండుసార్లు వేయించుకుని చూసింది. నేను ఆమె మొహం వైపు చూడలేదు, మానిటర్ తీగ వైపు చూస్తూ నిలబడ్డాను.

"బాగలేదు," అంది. "కళ్ళు తెరిచినాక కొంచెం ఆగి నవ్వుండాల, తొందరపడినాను. కట్టు వదులైతే శవం నవ్వినట్టు లేదు. ఎడమపక్క లైటేదీ? ఆ పక్కంతా చీకటేసినారు. ఆ పక్కే కనబడాల."

"అమ్మా, ఇది కథలో వాడుకోవచ్చా?" డైరెక్టరు అడిగింది ఆమెను, చూసింది నన్ను.

"దాన్నెందుకు చూస్తావు? నటించేది నేను. వాడుకో. ఇది కాదు, ఇప్పుడు తీసేది వాడుకో." కళ్ళజోడు తీసి నాకిచ్చింది. "కట్టు మళ్ళీ కట్టు. ఇందాక వాళ్ళు కట్టింది నువ్వు వదులు చేసినావు."

పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. చుబుకం తడి తుడిచి, గుడ్డను ఎడమ చెంప మీదుగా పైకి లాగి ముడి వేశాను. ఆ చెంపకు స్పర్శ లేదు.

"కట్టినావా?" అంది అమ్మ, కళ్ళు మూసుకునే.

"కట్టాను."

ఇంకో లైటు తెచ్చి ఎడమవైపు నిలబెట్టారు. నా నీడ అమ్మ మీద పడుతోందని కెమెరామన్ చెయ్యి ఊపాడు. లేచి పక్కకు జరిగాను.