మంచులో మోగిన గొర్రె గంట

నమ్మండి, నమ్మకపోండి. మా మంద మీద ఒట్టేసి చెబుతున్నా... ఇది నాకు జరిగింది.

మాది మర్రిపాడు దగ్గర పల్లె. గొర్రెలు కాసే ఇల్లు. చదువుకుని అంటార్కిటికాలో పనికి కుదిరాను. ఎక్కడెక్కడి ఫ్యాక్టరీల పొగలోని సీసం గాలికి కొట్టుకొచ్చి అక్కడి మంచులో ఎంత పడిందో చూడాలి. అందుకే గుంట తవ్వి మంచు తీసే చోటికి లోహపు వస్తువేదీ తీసుకెళ్ళం. దగ్గరుంటే లెక్క తప్పుతుంది. ఉంగరం, బెల్టు, వాకీటాకీ... అన్నీ దూరంగా బండిలోనే వదిలేస్తాం.

ఆ రోజు నాతో సురేష్ ఉన్నాడు. ఆత్మకూరు వాడు, బండి నడుపుతాడు. టైము చూస్తే రాత్రే. కానీ ఆ నెలల్లో అక్కడ పొద్దు గుంకదు. వాడు గుంటలో ఉన్నాడు. నేను మంచు నింపిన డబ్బా తీసుకుని బండి వైపు నడిచాను. సగం దారిలో... గాలి లేచింది. అంతా తెలుపు. నా చెయ్యి నాకే కనపడలేదు.

"సురేషా! ఉండావారా?"

గొంతు పోయేలా అరిచాను. ఏడ్చాను. ఇంటి దగ్గర వాడికి పసిబిడ్డ. వాడి పెళ్ళానికి నేనేం చెప్పాలి?

అప్పుడు వినిపించింది.

టింగ్... టింగ్...

గొర్రె గంట. మందలో ముందు నడిచే పొట్టేలు మెడలో కట్టేది. ఇనుమూ ఇత్తడీ ఏదీ లేని చోట... గంట!

మా వాళ్ళకొక అలవాటు. కనపడని చోట గంట మోగితే కేకేసి పిలుస్తాం. ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది. "ట్ర్ర్ర్... హోయ్!"

గంట ఆగింది.

తర్వాత... దగ్గరికి రాసాగింది. అడుగుల చప్పుడు లేదు. ఒట్టి గంట. నా చుట్టూ మెల్లగా తిరిగింది... ఎటో వెళ్ళిపోయింది. నేను భయంతో అక్కడే కూలబడ్డాను.

గాలి తగ్గాక గుంట దగ్గరికి పరిగెత్తాను. సురేష్ బతికే ఉన్నాడు, స్పృహ లేదు. ఎడమ చేతి గ్లౌజు గాలికి పోయింది. తర్వాత గ్లౌజు ఉన్న కుడి చేతికి, చలికి చచ్చిపోయిన రెండు వేళ్ళు తీసేయాల్సి వచ్చింది. ఉత్త ఎడమ చేతికి... బొబ్బ కూడా లేదు. డాక్టరుకూ అర్థం కాలేదు.

మొన్న ఆత్మకూరు బస్టాండులో టీ తాగుతూ వాడే ఆ మాట ఎత్తాడు. ఎడమ చెయ్యి చూపించాడు.

"ఇది నీ పుణ్యమేరా. గొర్రెల్ని పిలిచినట్టు కేకేసుకుంటా వచ్చినావు. నాకు తెలివి తప్పేదాకా ఈ చెయ్యి వదల్లేదు గదా నువ్వు!"

నేను తలూపాను. ఆ గాలి తగ్గేదాకా కూలబడిన చోటి నుంచి నేను లేవనే లేదు... వాడికి ఎలా చెప్పను?