వెనక ఎడమ స్పీకరు

చవక హోమ్ థియేటర్ ఒకటి తెద్దామని, సెంటినరీ కాలనీలో కొన్నవాళ్లందరినీ అడిగాను. బేస్ అదిరిందని ఒకరు, నెలకే గరగరలాడిందని ఇంకొకరు. చివరికి పక్క క్వార్టరు ఎలీషా దగ్గరికి వెళ్లాను. పోయిన నెలే గని నుంచి రిటైరైన మనిషి. టీవీకి వీపు పెట్టి, వెనక ఎడమ స్పీకరు ముందు కూర్చున్నాడు.

"ఎట్లున్నదన్నా?"

"గిదొక్కటే మంచిగున్నది. మిగిలినయి నాకెర్కలేదు."

ఇదేం జవాబని నాకు ఒళ్లు మండింది. ఆయన పక్కకు జరిగి నన్ను కూర్చోబెట్టాడు. చర్చి వాళ్లు పాడిన క్రిస్మస్ పాటల సీడీ అది. గుంపు పాటంతా ముందు స్పీకర్లలో మోగుతుంటే, ఈ స్పీకరులో ఒక ఆడగొంతు సన్నగా, విడిగా వినిపించింది. మొన్న వేసవిలో చనిపోయిన ఆయన భార్య రాహేలు గొంతు.

"ముప్పై ఏండ్లు చర్చిల పాడింది తమ్మీ. ఆదివారం డ్యూటీకి డబుల్ జీతమని నేను గనికే పోయిన. ఒక్కనాడన్న వినలే."

పాట అయిపోయింది. ఎలీషా మళ్లీ మొదటికి తిప్పి, నా మొహంలోకి చూశాడు.

"నువ్వు చెప్పు, మంచిగ పాడుతది కదా?"