శుక్రవారం చదువుకున్న ఈగలు

కరీం బాషా అంత మొండివాణ్ణి నేను మళ్లీ చూడలేదు. పాతపోస్టాఫీసు దగ్గర వాళ్లది అత్తరు కొట్టు. మూత మూసిన సీసాని ముక్కు దగ్గర పెట్టుకుని లోపల ఏముందో చెప్పేసేవాడు. అలాంటివాడు కొట్టు తమ్ముడికి వదిలేసి, మా కాలేజీ జువాలజీ ల్యాబులో టెంపరరీ అటెండరుగా చేరాడు. నేనక్కడ స్టోరుకీపర్ని. వరస లేకపోయినా బావా, బావా అని పిలుచుకునేవాళ్లం.

1979లో మా తాయారు మేడం తేనెటీగల మీద పరిశోధన మొదలుపెట్టారు. "ఈగకి ముక్కుండదు కరీం, ఈ రెండు మీసాలే దాని ముక్కు" అంటూ మైక్రోస్కోపులో చూపించారు. మీసం మీద సన్నటి నూగు, నూగు మధ్య వేలకొద్దీ బుల్లి బిళ్లలు. వాసన పట్టేవి ఆ బిళ్లలేనట. కరీం చాలాసేపు కన్ను తియ్యలేదు.

"మా కొట్టుకి ఇలాటోళ్లు గదండీ బేరానికి రావాల" అన్నాడు చివరికి.

ఈగని తల మాత్రం పైకి ఉండేలా సన్న గొట్టంలో బిగిస్తారు. లవంగం వాసన చూపించి, వెంటనే పంచదార నీళ్లు అందిస్తారు. నాలుగైదుసార్లు అలా చేస్తే, ఆ తర్వాత ఉత్త లవంగం వాసనకే అది నాలుక చాపుతుంది. మధ్యాహ్నం నేర్పేది కరీం, మర్నాడు పొద్దున్న పరీక్ష పెట్టేది మేడం. మిగతా రోజుల్లో బాగానే ఉండేది గానీ, శుక్రవారం చదువుకున్న ఈగలు శనివారం మొద్దుల్లా కూర్చునేవి. ఏడాదంతా ఇదే వరస. ఆ లెక్కలూ కలిపి, ఈగలకి మతిమరుపు ఎక్కువని మేడం రాయబోతున్నారు.

ఓ శనివారం కరీం కిటికీ వెయ్యడానికి బల్ల మీదుగా వంగాడు. ఈగలన్నీ అతనికేసి నాలుకలు చాపాయి. ఒంటిమీద నిన్నటి చొక్కాయే ఉంది. శుక్రవారం నమాజుకి వెళ్లేముందు చొక్కాకి అత్తరు రాసుకుని, చెవి మడతలో అత్తరు దూది పెట్టుకోవడం వాళ్లింటి ఆనవాయితీ. నమాజు నించి నేరుగా వచ్చి ఈగలకి పాఠం చెప్పేవాడు. పుట్టినప్పట్నించీ అందులోనే ఉన్నవాడికి అది వాసనలా తోచలేదు. ఈగలు మాత్రం లవంగాన్ని వదిలేసి అత్తరు నేర్చుకున్నాయి.

పరుగున స్టోరుకొచ్చి నాకు చెప్పాడు. అప్పటికి అతనిది ఆరేళ్ల టెంపరరీ, పర్మనెంట్ చెయ్యమని మేడం రాసిన ఉత్తరం ఆ రోజే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాలి.

"నోరు మూసుకో బావా. ఈగలొచ్చి సాచ్చికం సెప్తాయేటి?" అన్నాను.

"ఆవిడ తప్పు రాసేత్తన్నారు బావా. తెలిసీ నాను ఎలాగ ఊరుకుంతాను?"

వెళ్లి చెప్పేశాడు. గుమ్మం దగ్గర నుంచుని చూస్తున్నాను. మేడం నోటుబుక్కు తీసి శుక్రవారాలన్నీ ఎర్ర పెన్సిలుతో కొట్టేశారు. తర్వాత ఆ ఉత్తరం తీసి చింపేశారు. అయిపోయింది, వీడి తిండి పోయిందనుకున్నాను.

ఆవిడ ఇంకో కాగితం తీసుకుని మళ్లీ రాశారు. పాత ఉత్తరంలో వేళకి వస్తాడని ఉంది. కొత్తదానిలో, ఇతను నోరు విప్పకపోతే నేను అబద్ధం అచ్చేసేదాన్ని అని ఉంది.

దసరాకి కరీం పర్మనెంటయ్యాడు. నోరు మూసుకోమన్నది ఎవరో అతను ఆవిడకి ఏనాడూ చెప్పలేదు. నాకిప్పటికీ సిగ్గేస్తుంది.