బావ కన్ను, నా క్లోజప్పు

నాకు క్లోజప్ ఫోటోలు తీయడం ఎంత బాగా వచ్చో కావాలంటే మా అక్కని అడగండి. వారం నుంచి ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఆ సంగతే చెబుతోంది. చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో గర్వం మాత్రం ఉండదు.

జరిగింది చెబుతాను, మీరే చూడండి.

నేను ఉక్కునగరంలో అక్కావాళ్ళ క్వార్టర్లో ఉంటాను. రెండేళ్ళుగా పెళ్ళిళ్ళలో ఫోటోగ్రాఫర్ వెనక లైటు పట్టుకుని నిలబడటం నా ఉద్యోగం. ఆల్బమ్‌లో ఎక్కడైనా అనవసరమైన నీడ కనిపిస్తే అది నాదే. అలాంటిది, గాజువాకలో అప్పారావు గారి కళ్ళద్దాల షాపులో ఫ్రేములన్నిటికీ దగ్గరగా ఫోటోలు తీసేవాడు కావాలని తెలిసింది. దొరికితే నా పేరు మీద నేను చేసే మొదటి పని! పరిగెత్తాను.

ఆయన నేను తీసిన నాలుగు ఫోటోలు తిరగేసి, జారిన కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశాడు.

“ఇవన్నీ దూరంగా తీసినవి బాబూ. బంతి భోజనాలు తీసినంత ఈజీ కాదు ఫ్రేము మీద సన్నగీత తీడం. నీ పనితనం తెలిసీలాగ ఒక్క ఫోటో పంపు. ఎల్లుండి సాయంత్రం ఆరు దాటకూడదు. ఇంకో కుర్రోడు కూడా పంపుతానన్నాడు.”

ఇంటికొచ్చి కాగితం మీద గీసుకున్నాను. ఫోటో నిండా ఒకే ఒక్క కన్ను. రెప్పవెంట్రుకలు లెక్కపెట్టుకునేంత దగ్గరగా. కింద మూల నా పేరు. కళ్ళద్దాల షాపుకి ఇంతకంటే ఏం కావాలి?

కన్ను కావాలి. ముందు అక్కని అడిగాను.

“కార్తీక మాసం, నాను ఉపవాసం ఉంటే నా కంట్లో లైటు కొడతావేట్రా? పో, మీ బావని పట్టుకెళ్ళు.”

కార్తీకం నెలంతా మా ఇంట్లో నీసు ఉండదు. చేప లేదు, కోడి లేదు, గుడ్డు పేరు కూడా ఎత్తకూడదు. ఈసారి అక్క మా ఇద్దరి చేతా దీపం ముందు ఒట్టు కూడా వేయించింది. బావ మనస్ఫూర్తిగా వేశాడు. నేను కూడా వేశాను.

బావ స్టీలు ప్లాంటులో పని చేస్తాడు. మర్నాడు ఆయనకి ఆఫ్. కళ్ళు తేనె రంగులో బాగుంటాయి. ఆ మాట వాళ్ళమ్మ తర్వాత అన్నది నేనే కాబట్టి వెంటనే ఒప్పుకున్నాడు. బండి మీద రుషికొండ బయల్దేరాం. అంత దూరం ఎందుకంటే, సముద్రం పక్కన వెలుతురు బాగుంటుంది. పైగా ఉక్కునగరంలో బావ కంటికి ఆనించి కెమెరా పెడితే చాలు, సాయంత్రానికల్లా ఆయనకి ఆపరేషన్ అయిందని పరామర్శకి వస్తారు.

బావని ఒక టిఫిన్ బండి ముందు ప్లాస్టిక్ కుర్చీలో సముద్రానికి ఎదురుగా కూర్చోబెట్టి, స్టాండు మీద కెమెరా బిగించి, లెన్సు కంటికి జానెడు దూరంలో పెట్టాను. చేత్తో నొక్కితే కెమెరా కదులుతుందని రిమోట్ పట్టుకున్నాను. అంతా పద్ధతిగానే ఉంది. ఒకటే చిక్కు. నేను నొక్కే ప్రతిసారీ బావ రెప్ప కొడుతున్నాడు.

“ఒక్క నిమిసం రెప్ప ఆపు బావా!”

“నిమిసమా! ఫర్నేసు కాడ ఎనిమిది గంటలు నిలబడమను, నిలబడతాను. రెప్పలాపమంటే ఎలాగరా? ఇదేటి, ఫేను స్విచ్చేటి?”

నలభై ఫోటోలు తీశాను. నలభైలోనూ మూసిన కన్నే. కళ్ళద్దాల షాపుకి పనికిరావు గానీ పరుపుల షాపుకి బ్రహ్మాండంగా పనికొస్తాయి.

అప్పుడు బావ వెనకాల, పక్క బండి మీద వంజరం చేప ముక్క పెనంలో పడింది. చుయ్ మని చప్పుడు. వాసన వచ్చింది. బావ కన్ను దానంతట అదే విప్పారింది. రెప్ప లేదు! నేను లెక్కపెట్టాను. పది దాటినా లేదు.

వెళ్ళి ఒక ముక్క కొన్నాను. కేవలం పని కోసమే కొన్నానని గమనించాలి.

“ఒరే, ఒట్టేసినాంరా! మీ అక్క సంపేస్తాది!” అన్నాడు బావ. కన్ను మాత్రం ముక్క మీద నుంచి కదల్లేదు.

“నువ్వు తినొద్దు బావా. ఉత్తినే సూడు.”

ఎడమ చేతిలో రిమోట్, కుడి చేతిలో వంజరం. లెన్సు పక్కనే పట్టుకున్నాను. బావ చూస్తున్నాడు, బాగానే ఉంది. కానీ ముక్క చల్లారిపోతోంది. చల్లారితే ఆ చూపులో పట్టు తగ్గిపోతుందేమోనని భయం వేసింది. అందుకని నేను ఒక్క కొరుకు కొరికాను. ఆ క్షణంలో బావ కంట్లో కలిగిన భావం చూడాలి! ఆశ, బాధ, నా మీద జాలి, నా మీద కోపం, అన్నీ కలిసి... క్లిక్!

కెమెరాలో చూసుకున్నాను. ఒక్కో వెంట్రుకా విడివిడిగా ఉంది. నాకు కావలసింది వెంట్రుకలే కాబట్టి వెంట్రుకలే చూశాను. మిగిలిన ముక్క వృథా చేయడం ఇష్టం లేక తినేశాను. బావ నాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

అక్కడే ఫోన్లోకి ఎక్కించి, మూల నా పేరు పెట్టి, కింద ఇలా రాశాను: ‘ఎడిటింగ్ లేదు. ఎంత జూమ్ చేస్తే అంత కనిపిస్తుంది. నమ్మకపోతే చేసి చూడండి.’ అప్పారావు గారికి పంపాను. నలుగురూ చూడాలి కదా అని స్టేటస్‌లో కూడా పెట్టాను. దార్లో ఉండగానే ఆయన దగ్గర్నుంచి మెసేజ్: ‘సూపర్. పని నీదే. రేపు రా.’

హుషారుగా ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో ఫోన్. రెండు వేళ్ళతో తెరని సాగదీస్తోంది. ఇంకా సాగదీస్తోంది.

“బాగుందా అక్కా?”

“శానా బాగుందిరా. మీ బావ కంట్లో సముద్రం కనిపిస్తంది.”

“అదే మరి క్లోజప్ అంటే!”

“సముద్రం ముందు నువ్వు కనిపిస్తన్నావ్.”

“అవునా?”

“నోరు తెరిసున్నావ్. సేతిలో ఏటది?”

ఫోన్ లాక్కుని చూశాను. నల్లపాప మధ్యలో నేను. చొక్కా బొత్తాలతో సహా. చేతిలో కొరికిన ముక్క, దాని మీద కారం, పక్కన నిమ్మచెక్క. నేను ఇంత షార్ప్‌గా తీయగలనని నాకే తెలియదు.

“అరటికాయ బజ్జీ అక్కా.”

“అరటికాయకి నడిమద్దిన ముల్లుంటాదేట్రా?”

ఈలోగా బావ ముందుకొచ్చి తన ఫోటో తనే చూపిస్తూ, “నాను ముట్టలేదే! సూడు, నా కన్ను ఎంత దీనంగా సూత్తందో!” అన్నాడు. అక్క చూసింది. నమ్మింది. నేను తీసిన సాక్ష్యంతో ఆయన బయటపడ్డాడు.

“ముందు ఆ ఫోటో తీసీ. మన ఊరు పద్మనాభంలో వోళ్ళందరూ సూత్తారు,” అంది అక్క నాతో.

స్టేటస్ తీసేశాను. తర్వాత రెండు గంటలు కూర్చుని బావ కంట్లోంచి చేపని చెరిపేసి, నా నోరు మూయించి, శుభ్రమైన ఫోటో తయారుచేసి అప్పారావు గారికి పంపాను. పాతది తీసేసి ఇది వాడుకోమన్నాను. వెంటనే ఫోన్ వచ్చింది.

“ఏటి బాబూ, ఇందులో వంజరం ఏదీ?”

“మీరు... చూశారాండీ?”

“అది సూసే కదా పని నీకిచ్చింది! కంటిపాపలో ముల్లు కూడా అగుపించింది. ఆ రెండోవోడు గులాబీ పువ్వు పంపాడు. అందులో ఏటుంది సూడ్డానికి? నాకు ఆ సేపే కావాలి. నీకిష్టం లేపోతే సెప్పు, గులాబీవోణ్ణి పిలుత్తాను.”

అక్క వైపు చూశాను. దీపం వైపు చూశాను. రెండేళ్ళుగా మోస్తున్న లైటు గుర్తొచ్చింది.

“అలాగే వాడుకోండి,” అన్నాను.

చిన్న కార్డు వేయిస్తాడనుకున్నాను. ఆయన షాపు ముందు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించాడు. అంతటితో ఊరుకోలేదు. చూపు పరీక్షకి అక్షరాల బోర్డు కంటే ఇదే బాగుందని కనిపెట్టాడు. వచ్చినవాళ్ళని రోడ్డుకి అవతల నిలబెట్టి, “ఆ కంట్లో ఏటి కనిపిస్తంది?” అని అడుగుతాడు. ‘ఎవరో దండం పెడతన్నారు’ అన్నవాళ్ళని లోపల కూర్చోబెట్టి అద్దాలు మారుస్తాడు. ‘ఎవడో కుర్రోడు సేప తింటన్నాడు’ అన్నవాళ్ళని, “నీకు అద్దాలక్కర్లేదు, ఇంటికెళ్ళు,” అని పంపేస్తాడు.

నేను లోపల ఫ్రేములు ఫోటోలు తీసుకుంటూ అన్నీ వింటూ ఉంటాను. గాజువాకలో చూపు బాగున్న ప్రతి ఒక్కరికీ ఇప్పుడు నేను కార్తీకంలో ఏం తిన్నానో తెలుసు. చూపు బాగాలేనివాళ్ళకి అద్దాలు వచ్చే సోమవారం చేతికొస్తాయి.