చుక్కలు పుట్టింటికెళ్లిన రోజు

మా రాజమండ్రి వరద కంట్రోల్ రూంలో కంప్యూటర్ మీద మ్యాపులు చేసే మేడం ఒకావిడ ఉండేవారు. తెరమీద ఏ ఊరు కనిపించినా వేలుపెట్టి, "ఇక్కడ ఇవాళ ఎవరున్నారండీ?" అని అడగడం ఆవిడ అలవాటు. పడవలు పంపే పనిలో ఉన్న నాకు విసుగొచ్చేది.

ఆ ఏడు గోదారి పొంగినప్పుడు, నర్సమ్మలు రాసిచ్చిన గర్భిణుల వివరాలను మేడం వరద మ్యాపు మీద ఎర్రచుక్కలుగా పెట్టారు. చుక్కలన్నీ పై లంకలోనే, కింది లంకలో ఒక్కటీ లేదు. పడవలన్నీ పై లంకకి పంపబోయాను.

"ఆగండి. ఈ అడ్రసులన్నీ అత్తారిళ్లవి కదండీ?" అన్నారు మేడం.

"అవునండీ. అయితే ఏంటి?"

"పురిటికి ఆడపిల్లలు పుట్టింటికెళ్తారు గానీ అత్తారింట్లో ఉంటారాండీ!"

వెంటనే నర్సమ్మలకి ఫోన్లు చేసి, ఎవరి పుట్టిల్లు ఎక్కడో కనుక్కుంటూ చుక్కల్ని జరిపారు. ఖాళీ అనుకున్న కింది లంక ఎర్రగా నిండిపోయింది. పై లంకకి ఒక పడవ ఉంచి, మిగతావన్నీ అటు తిప్పాను.

సాయంత్రానికి వైర్‌లెస్‌లో పడవ సరంగు కేక వినిపించింది. "అందరూ గట్టెక్కారండీ! ఒకమ్మాయి పడవలోనే కనేసిందండీ, ఆడపిల్ల!"

గదంతా చప్పట్లు. మేడం నవ్వుతూ తెరమీద గోదారి నడిమధ్యన వేలుపెట్టి నావైపు తిరిగారు.

"ఇక్కడ ఇవాళ ఎవరున్నారండీ?"

"మహాలక్ష్మండీ!" అని గది దద్దరిల్లేలా అరిచాను.