డిప్‌స్టిక్‌పై పెరిగిన ఆయిల్

మా నాయన పొద్దున పికప్ తీసే ముందు డిప్‌స్టిక్ లాగి ఇంజిన్ ఆయిల్ ఎంతుందో చూస్తాడు. ఆ వారం ఆయిల్ తగ్గడం మానేసి పెరగడం మొదలుపెట్టింది.

"రేయ్, పోయకనే పైకి వచ్చిందిరా. యాడ నుంచి వచ్చిండాది?"

"నేను పెట్టే మేతకు బండి పాలు ఇస్తా ఉంది నాయనా," అన్నాను. నాయన నవ్వాడు. నేను ఇంజినీరింగ్ చదువుతున్నాను కాబట్టి నమ్మాడు కూడా.

ఆ మేత కానుగ నూనెతో చేసిన బయోడీజిల్. హోసూరు కాలేజీలో మా ఫైనలియర్ ప్రాజెక్టు అది. ల్యాబ్ ఇంజిన్‌కు మొదట ఆల్కహాల్ కలిపిన డీజిల్ పోశాం. పొద్దున్నే తాగి వచ్చినవాడిలా లేవడానికి మొరాయించింది, లేచాక టకటకమని గోల చేసింది. బయోడీజిల్ మాత్రం బుద్ధిగా తిరిగింది, పొగ కూడా తక్కువే. ఆ మర్యాదకు పడిపోయి, మిగిలిన క్యాన్లు ఇంటికి తెచ్చి నాయన బండిలో డీజిల్‌తో సగానికి సగం కలిపి పోస్తూ వచ్చాను. ల్యాబులో గంట నడిచినది రోడ్డు మీద నెల నడవదా?

వేప్పనపల్లి నుంచి మామిడికాయల లోడుతో కృష్ణగిరి గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లాం. గేటు దగ్గర వరుసలో న్యూట్రల్‌లో నిలబడ్డ బండి ఉన్నట్టుండి అరవడం మొదలుపెట్టింది. నాయన కాలు యాక్సిలరేటర్ మీద లేదు. తాళంచెవి తిప్పి బయటికి లాగాడు. చెవి చేతిలో ఉంది, అరుపు ఇంకా పెరుగుతోంది. వెనక నీలంగా పొగ.

"దూకప్పా! ఇంజన్ పగిలిపోతాది, దూకు!" వెనక లారీ డ్రైవరు కేక.

ఆయన మాట పూర్తయ్యేలోపే నేను దూకేశాను. మామూలుగా భయమేస్తే నాకు నోరు పనిచేస్తుంది. ఆరోజు కాళ్లే ముందు పనిచేశాయి. పదడుగులు పరుగెత్తి తిరిగి చూస్తే నాయన ఇంకా సీట్లోనే ఉన్నాడు.

అప్పుడు అర్థమైంది. కాలకుండా మిగిలిన బయోడీజిల్ కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. మామూలు డీజిల్ వేడికి కొంతైనా ఆవిరైపోతుంది, ఇది పోదు. అలా పెరిగిన ఆయిల్ పొంగి గాలి గొట్టంలోకి వెళ్తే ఇంజిన్ దాన్నే తాగి పరుగెడుతుంది. దానికి తాళంచెవితో పనిలేదు. ఇదంతా నా ప్రాజెక్టు రికార్డులో నా చేతిరాతతోనే ఉంది. పక్కవాడిది చూసి రాసుకున్నాను కాబట్టి చదవలేదు.

"నాయనా, దిగు!"

"పోరా అవతలికి! ముందర మనుషులుండారు!"

బ్రేకు మీద నిలబడ్డట్టే లేచి, ఇంజిన్‌ను బలవంతంగా ఆపడానికి టాప్ గేరు వేసి, క్లచ్ వదిలేశాడు. బండి మొత్తం వణికింది. ముందున్న ట్రాక్టరు వైపు మూరెడు దూకి, దగ్గి, ఆగిపోయింది.

తలుపు తెరిచాను. నాయన దిగలేదు.

"కాలు రాలేదురా," అన్నాడు మెల్లగా. రెండు చేతులతో పట్టుకుని బ్రేకు మీద నుంచి ఆ కాలు తీశాను.

లారీ డ్రైవరు వచ్చాడు. "ఏమప్పా, ఏం పోసినావు దీనికి?"

నోటిదాకా ఒక జోకు వచ్చింది. మింగేశాను. "నేను పోసినాను అన్నా," అన్నాను.

నాయన నన్ను తిట్టలేదు. "ఇంట్లో ఇంకా ఎన్ని క్యాన్లుండాయి?"

"రెండు."

"కానుగ నూనె అని మీ అమ్మకు చెప్పినావు కదరా. డీజిల్ అని తెలీక దీపంలో పోసి అంటిస్తాది. ఫోను చెయ్."

మూడోసారికి గానీ అమ్మ నంబరు సరిగా నొక్కలేకపోయాను.