ఆటో మోడ్‌ని నమ్మని అంకుల్

మా హౌగాంగ్ అంకుల్ పోయారని ఆంటీ ఫోన్ చేసి చెబితే, నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "ఎవరు చెప్పారు?" అని. "నేనే సెప్తన్నాను గదా నాయనా. నా ఎదరే ఉన్నారు, లేపితే లేవట్లేదు" అంది ఆవిడ. అయినా నమ్మబుద్ధి కాలేదు. దేన్నీ ఊరికే నమ్మకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. దాన్ని సానబెట్టింది మాత్రం అంకులే.

ఆయన్ని నేను మొదట చూసింది సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు విమానాల నిండా వచ్చి సింగపూర్‌లో దిగుతున్న రోజుల్లో. తంజోంగ్ పగార్‌లో ఆఫీసు, హౌగాంగ్‌లో అద్దె గది నాకు. మోజుపడి డిజిటల్ కెమెరా ఒకటి కొన్నాను గానీ, దాన్ని ఆన్ చేయడం తప్ప ఏమీ రాదు. మా బ్లాకు దగ్గరి కమ్యూనిటీ క్లబ్బులో ఆదివారం పొద్దున కొత్తవాళ్లకి క్లాసులంటే చేరాను. రెండో వారం ఒక పెద్దాయన కెమెరా మెడలో వేసుకుని వచ్చి, గదిలో సగం కుర్చీలు ఖాళీగా ఉండగా సరిగ్గా నా పక్కనే కూర్చున్నారు.

"ఏటి తంబీ, తెలుగేనా? మకాన్ అయిందా?"

మకాన్ అంటే భోజనం. వాళ్ల తాతగారు ఎప్పుడో అనకాపల్లి నుంచి ఓడెక్కి వచ్చారట. ఇక్కడే పుట్టి, ఇక్కడే ఓడరేవులో పనిచేసి రిటైరైన అంకుల్ తెలుగులో తమిళం, మలయ్, ఇక్కడివాళ్లు మాట మాటకీ తగిలించే 'లా' కూడా కలిసిపోయి ఉండేవి.

ఆ రోజులు తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ముక్కూ మొహం తెలియని తెలుగువాడు నవ్వుతూ పలకరించాడంటే, కాసేపట్లో సబ్బులో విటమిన్ మాత్రలో మన చేత కొనిపించి, పైగా మనల్ని కూడా నలుగురికి అమ్మమంటాడని భయం. నేను గబుక్కున సంచీ తీసి కాళ్ల మధ్య పెట్టుకున్నాను. అంకుల్ ఏమీ అమ్మలేదు. ప్రశ్నలు మాత్రం వేశారు. ఏం చదివావు, ఇంట్లో ఎవరెవరు, బీరు తాగుతావా, సిగరెట్టుందా, శనివారాలు ఎవరితో తిరుగుతావు? అమ్మేదేమీ లేని మనిషికి ఇవన్నీ ఎందుకని నా అనుమానం రెట్టింపైంది.

అనుమానంలో ఆయన నన్ను తలదన్నేవారు. అసలు కెమెరానే నమ్మేవారు కాదు. "పిలిమ్ లేదంటాడు. మరి బొమ్మ ఎక్కడున్నట్టు?" అని మెమరీ కార్డు బయటికి తీసి, వెలుతురుకి ఎత్తిపట్టి చూసేవారు. మొదట్లో ఆటో మోడ్ చాలని మాస్టారు చెబితే, నా చెవి దగ్గరికి వంగి, "ఆటో అంటే లోపల ఎవుడో కూకుని మన బదులు డిసైడ్ సేస్తన్నాడన్నమాట. ఎవుడు లా ఆడు?" అన్నారు.

ఆ ఎవడో మీద కోపంతోనే ఇద్దరం మాన్యువల్‌కి మారిపోయాం. ఇంట్లో తీసినవి బొగ్గులా, ఎండలో తీసినవి తెల్లకాగితాల్లా వచ్చాయి. క్లాసులో అందరూ నవ్వారు. అంకుల్ మాత్రం పట్టు వదల్లేదు, నన్నూ వదలనివ్వలేదు. తిప్పలు పడగా పడగా, ఎంత వెలుతురుని ఎంతసేపు లోపలికి రానివ్వాలో మెల్లగా చేతికి తెలిసింది. నాకొచ్చిన ఈ కాస్త ఫొటోగ్రఫీ ఆయన మొండితనం పెట్టిన భిక్ష.

కెమెరా వెనక తెర మీద కూడా ఆయనకి నమ్మకం లేదు. నేను బ్రహ్మాండంగా వచ్చిందని సంబరపడిన ప్రతి ఫొటోనీ పెద్దది చేసి, మనిషి కళ్ల దగ్గరికి జరిపేవారు. తీరా చూస్తే కళ్లు మసక, వెనకాల గోడ స్పష్టం. "సిన్న బొమ్మలో అందరూ అందంగానే ఉంటారు తంబీ. పెద్దది సేసి సూడాల" అనేవారు. ఇవాళ్టికీ ఏ ఫొటో తీసినా నేను మొదట చేసే పని అదే.

ఒక వారం ఇంటి లోపలి వెలుతురు గురించి పాఠమైంది. "పద, మీ రూములో ప్రాక్టీసు సేద్దాం" అంటూ నా వెంటే వచ్చేశారు. కిటికీ దగ్గర ఫొటోలు తీస్తారనుకుంటే, సింకులో గిన్నెలు తీశారు. చెప్పుల స్టాండు తీశారు. దేవుడి పటం తీశారు. చివరికి ఫ్రిజ్ తలుపు తెరిచి లోపలికి గురిపెట్టారు.

"ఫ్రిజ్‌లో ఏముంది అంకుల్?"

"లైటుంది గదా!"

ఆయన గడప దాటగానే నా పాస్‌పోర్టు ఉందో లేదో చూసుకున్నాను.

కొన్ని నెలల తర్వాత మావాళ్లు అనకాపల్లి అమ్మాయితో నాకు సంబంధం కుదిర్చారు. నిశ్చితార్థం నాడు ఆ అమ్మాయి నన్ను పక్కకి పిలిచి, "సింకులో ఆ మాడిపోయిన మూకుడు ఇప్పటికైనా తోమారా?" అంది. అంకుల్ ఆ అమ్మాయి నాన్నకి వరసకి అన్నయ్యట! మనవాళ్లలో ఇది ఉన్నదే. పిల్లాడు పరాయి దేశంలో ఉంటే, అక్కడున్న ఏదో ఒక చుట్టం మీద వాకబు చేసే బాధ్యత పడుతుంది. అందరూ ఇరుగుపొరుగుని అడిగి ఊరుకుంటారు. అంకుల్ మాత్రం తన కొడుకు కెమెరా అడిగి తీసుకుని, నా క్లాసులో చేరి, నా సంసారమంతా ఫొటోలు తీసి ఈమెయిల్లో పంపించారు.

పెళ్లయింది. మా ఆవిడ కూడా ఇక్కడికి వచ్చేసింది. క్లాసులు అయిపోయినా, ఏళ్ల తరబడి మా ఆదివారాలు ఆగలేదు. నేను వాళ్లింటికి వెళ్లడం, ఇద్దరం కెమెరాలు తగిలించుకుని పాయా లేబర్ వైపో ఇంకెటో పోవడం. కానీ నా మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. ఈయన నా పక్కన కూర్చున్నది నా మీద ఇష్టంతో కాదు, పనిబడి. మరి ఇప్పుడు ఈ తిరుగుళ్లు? మొహమాటమా, తమ్ముడి కూతురి మీద కాపలానా? ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "పెళ్లయిపోయింది కదా అంకుల్, ఇంకా నాతో ఎందుకు తిరుగుతున్నారు?"

"గ్యారంటీ పీరియడ్ అవ్వలేదు తంబీ" అని నవ్వారు. ఆ నవ్వుని మనసులో ఎంత పెద్దది చేసి చూసుకున్నా నాకేమీ తేలలేదు.

మొన్న ఆయన్ని బ్లాకు కింద, చుట్టుపక్కలవాళ్లు కూర్చునే ఖాళీ జాగాలో ఉంచారు. వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు. ఆంటీ పక్కన కాస్త చోటు దొరికాక, అడక్కూడని వేళ అని తెలిసీ అడిగాను.

"ఆంటీ, అంకుల్ నా మీద వాకబు ఎప్పటిదాకా చేశారు?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "అదా! మీ రూముకొచ్చిన రోజే ఫోన్ సేసి సెప్పేసినారు గదా. పిల్లడు అనుమానపు పక్షే గాని మంచోడు, పిల్లనిచ్చేయండని."

"మరి ఆ తర్వాత?"

"తర్వాతేటి? సొంతంగా కెమెరా కొనుక్కున్నారు. ఆదివారం వస్తే తెల్లారకముందే సొక్కా ఇస్త్రీ సేసుకుని కిటికీ కాడ నిలబడేవోరు. నువ్వు కార్ పార్కు దాటి వస్తన్నావంటే సాలు, పరుగున వచ్చి కుర్సీలో కూకుని పేపరు అడ్డం పెట్టుకునేవోరు. నేను నవ్వితే, ఊరుకో లా, ఎదురుసూస్తన్నానని తెలిస్తే ఆడికి మళ్లీ అనుమానం, అనేవోరు."

"ఎన్నాళ్లు అలా?"

"మొన్నాదివారం కూడా నాయనా."

అంతమంది మధ్య, మా ఆవిడ చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

అంతా అయ్యాక కార్ పార్కు మధ్యలో ఆగి పైకి చూశాను. ఆయన కిటికీ బయట వెదురు కర్రకి తెల్ల చొక్కా ఒకటి ఆరేసి ఉంది, ఇంకా ఇస్త్రీ చేయాల్సింది.